కీర్తన నుంచి కచేరీ దాకా: కొత్తగా వినేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీలో ఏటా పుష్యమాసంలో త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. పెద్ద కార్యక్రమమేం కాదు. షామియానా, నూటయాభై కుర్చీలు, జంపఖానా పరిచిన చిన్న వేదిక, అద్దెకు తెచ్చిన మైకులు, అంతే. కుర్చీలు వేయించడం దగ్గర్నుంచి పక్కవాద్యాలవాళ్లకి కాఫీ అందించడం దాకా నేనూ ఒక చెయ్యి వేస్తుంటాను కాబట్టి, వచ్చినవాళ్లు నన్నే అడుగుతుంటారు, ఇదేమిటి, అదెందుకు అని. అందరూ ఇంట్లో అన్నమయ్య పాటలు, రామదాసు కీర్తనలు విని పెరిగినవాళ్లే, కానీ కచేరీ అనగానే "మాకు అర్థం కాదండీ" అంటూ వెనక వరసకి వెళ్లిపోతారు. ఆ బెరుకు పోవాలనే ఇది రాస్తున్నాను.

కచేరీ అంటే అసలేమిటి? ఎన్నాళ్లనుంచి ఉంది?

మన పెద్దవాళ్లు తాలూకా కచేరీ, కలెక్టరు కచేరీ అనేవారు చూడండి, ఆ మాటే ఇది. నలుగురూ చేరే కొలువన్నమాట. పాట విషయానికొస్తే, మధ్యలో గాయకుడు, ఒక పక్క వయొలిన్, ఇంకో పక్క మృదంగం, వెనక తంబురా, ఎదురుగా టికెట్ కొనో కొనకుండానో కూర్చున్న జనం, వర్ణం అనే మొదటి పాటతో మొదలై మంగళంతో ముగిసే రెండున్నర మూడు గంటల వరస. ఈ రూపానికి సుమారు వందేళ్ల వయసు. దీన్ని ఇలా కుదిర్చినవారు ప్రధానంగా అరియకుడి రామానుజ అయ్యంగార్ (1890-1967) అని చెబుతారు. అంతకుముందు పెద్ద విద్వాంసులు ఒక రాగాన్నో ఒక పల్లవినో పట్టుకుని గంటల తరబడి నడిపేవారు.

పాటలు మాత్రం అంతకంటే చాలా పాతవి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద ఉన్న జవాబులన్నీ సులువుగా అందుతాయి: కచేరీలో మనం వినేవాటిలో చాలా పాటలు కచేరీ కోసం పుట్టలేదు. ఒకటి స్వామిని పడుకోబెట్టడానికి పుట్టింది, ఒకటి ఇంటింటా బియ్యం అడుగుతూ నడిచే మనిషి నోట ఉండేది, ఒకటి ఆడడానికి రాశారు, ఒకటి చెరసాలలో కూర్చుని దేవుణ్ణి నిలదీస్తూ పాడారు. వేదిక మీదికి అవి తర్వాత వచ్చాయి.

మరి కచేరీలు లేని రోజుల్లో జనం పాట ఎక్కడ వినేవారు?

గుడిలో, వీధిలో, పొలంలో, జాతరలో. వినడం కంటే పాడడమే ఎక్కువ. కాకతీయుల కాలం నాటి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం వెళ్లే భక్తులు పాడే పాటల పేర్లు వరసగా చెప్పాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. గొబ్బి పాటలు మనం సంక్రాంతికి ఇంకా పాడుతూనే ఉన్నాం కదా! అదే కాలంలో గణపతిదేవుడి దగ్గర ఏనుగుల దళానికి అధిపతిగా ఉన్న జాయప సేనాని 1253-54 నాటికి నృత్తరత్నావళి అని నాట్యం మీద పెద్ద గ్రంథం రాశాడు, అందులో పేరణి అనే నాట్యంతో పాటు కోలాటం లాంటి దేశి ఆటలకీ చోటిచ్చాడు. యుద్ధాలు చేసే మనిషి అంత ఓపికగా ఊళ్లలో ఆడేవాటిని చూసి రాశాడంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. సింహాచలంలో కృష్ణమాచార్యుడు అప్పన్న ఎదుట వచనాలు పాడాడు, వాటినే సింహగిరి వచనాలు అంటారు.

వేదం చదవడం కూడా సంగీతమేనా?

స్వరం ఉంది. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అని మూడు స్థాయిలు. కానీ అక్కడ పాడేవాడికి తన ఇష్టప్రకారం మార్చే స్వేచ్ఛ లేదు, గురువు చెప్పినదాంట్లో ఒక్క స్వరం తప్పినా తప్పే. కచేరీలో మనోధర్మం, అంటే పాడేవాడు అప్పటికప్పుడు సొంతంగా అల్లుకోవడం, అదే ప్రాణం. కాబట్టి చుట్టరికం ఉంది, పని మాత్రం వేరు. సామవేదాన్ని గానంగానే చెప్పుకుంటాం అనుకోండి.

అన్నమయ్య పాటలు ఆయన పాడిన వరసలోనే వింటున్నామా?

లేదండీ. ఈ మాట చెబితే కొంతమందికి బాధేస్తుంది, నాకూ మొదటిసారి తెలిసినప్పుడు వేసింది. తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) ముప్పైరెండు వేల సంకీర్తనలు చెప్పాడని ప్రసిద్ధి. వాళ్లబ్బాయి పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లోనే ఒక చిన్న రాతి గదిలో భద్రం చేశారు, దాన్నే సంకీర్తన భాండాగారం అంటారు. అలా చెక్కించి దాచారు కాబట్టి బతికాయి. తాటాకుల మీద రాసి ఉంటే ఏమయ్యేవో. 20వ శతాబ్దం మొదట్లో, 1922 ప్రాంతంలో, అవి బయటపడ్డాయి. ఇప్పుడు మన చేతికి అందినవి పద్నాలుగు వేల దాకా ఉన్నాయి.

రేకు మీద ఏముంటుందంటే, పైన రాగం పేరు, కింద పల్లవి, చరణాలు. స్వరాలు లేవు, వరస లేదు. రాగం పేరు ఉంది కదా, ఆ రాగంలో పాడేస్తే సరిపోదా అంటారు. సరిపోదు, ఎందుకంటే రాగాలు కూడా ఐదారొందల ఏళ్లలో మారాయి. ముఖారి అనే పేరు తీసుకోండి. 17వ శతాబ్దపు శాస్త్రగ్రంథాల్లో ముఖారి అంటే అన్నీ శుద్ధ స్వరాలే ఉన్న మేళం (రాగానికి ఆధారమైన ఏడు స్వరాల వరస), ఇప్పటి కనకాంగి రాగం లాంటిది. ఈనాటి ముఖారి పూర్తిగా వేరు. కొన్ని రాగాల పేర్లు ఇవాళ ఎవరూ పాడనే పాడరు.

కాబట్టి మనం వింటున్న వరసలు ఈ వందేళ్లలో కట్టినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటివాళ్లు రేకులు చదివి అచ్చుకి ఎక్కించారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ పరిష్కరించడమే కాదు, వందకు పైగా పాటలకు స్వరాలు కూర్చారు. తర్వాత బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఎన్నో పాటలకు బాణీలు కట్టి ఇంటింటికీ చేర్చారు. అందుకే ఒకే పాట రెండు మూడు రాగాల్లో వినిపిస్తుంది. ఏది అసలు అని తగువు పడనక్కర్లేదు. మాట అన్నమయ్యది, వరస మన కాలానిది, రెండూ మనవే.

తెలుగు పాటలన్నీ తమిళదేశంలో ఎందుకు పుట్టాయి?

రాజులు మారారు, భాష నిలిచింది. 1530ల నుంచి తంజావూరుని తెలుగు నాయకరాజులు ఏలారు, వాళ్ల కొలువులో తెలుగే కవిత్వ భాష, ఆట భాష, పాట భాష. 1676 ప్రాంతంలో మరాఠాలు వచ్చాక కూడా వాళ్లు తెలుగుని తీసెయ్యలేదు. ఆ ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనే త్యాగరాజు పుట్టారు. ఆయన కాలంలోనే పాటలు కట్టిన శ్యామశాస్త్రి కూడా ఎక్కువగా తెలుగులోనే రచించారు. ముత్తుస్వామి దీక్షితులవి మాత్రం సంస్కృతం. తంజావూరు దగ్గర మేలట్టూరులో ఇవాళ్టికీ నరసింహ జయంతికి తెలుగు భాగవత మేళ నాటకాలు ఆడతారు, ఆడేవాళ్లు ఇళ్లలో మాట్లాడుకునేది తమిళం. వీలైతే ఒక్కసారి వెళ్లి చూడండి.

త్యాగరాజస్వామి కచేరీలు చేసేవారా?

మనం అనుకునే కచేరీలు కాదు. ఆయన (1767-1847) తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో కావేరి ఒడ్డున బతికారు. ఉంఛవృత్తి చేసేవారు, అంటే తెల్లారి చెంబు పట్టుకుని రామనామం పాడుకుంటూ వీధిలో నడిస్తే గృహస్థులు గుప్పెడు బియ్యం వేసేవారు, దాంతోనే పూట గడిచేది. ఇంట్లో రాముడి విగ్రహం ముందు పాట. శిష్యులకి పాఠం. తంజావూరు రాజు కబురు పెడితే వెళ్లలేదని, ఆ సందర్భంలోనే కల్యాణి రాగంలో "నిధి చాల సుఖమా" పాడారని సంప్రదాయం చెబుతుంది.

ఆయనకంటే ఒక శతాబ్దం ముందు భద్రాచలం గుడి కట్టి గోలకొండ చెరలో ఉన్న రామదాసుని తలుచుకుని, అతని బంధనం తీర్చావట కదా అని దేవగాంధారి రాగంలో ఒక కృతిలో (పల్లవి, అనుపల్లవి, చరణాలతో కట్టిన పాటని కృతి అంటారు) రాముణ్ణి అడుగుతారు. నాకు అది చాలా ఇష్టమైన చోటు. ఒక వాగ్గేయకారుడు (మాటా వరసా తానే కట్టేవాడు) ఇంకో వాగ్గేయకారుడి కష్టాన్ని సాక్ష్యంగా పెట్టుకుని దేవుడితో మాట్లాడడం అన్నమాట.

రికార్డింగులు లేవు కదా, ఆ కృతులు మన దాకా ఎలా వచ్చాయి?

శిష్యుల నోట. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం అని మూడు శిష్య శాఖలు ప్రసిద్ధి, కొందరు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు కూడా. అందుకే ఒకే కృతి ఒక్కో ఇంట ఒక్కోలా ఉంటుంది, దాన్ని పాఠాంతరం అంటారు, తప్పు అనరు.

మన వైపు వచ్చిన దారి ఇది: త్యాగరాజు దగ్గర మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016). లెక్కపెట్టండి, తిరువయ్యారు నుంచి విజయవాడకి నలుగురంటే నలుగురు మనుషులు. బాలమురళి గారి పాట విన్నవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

ఇంకో సంగతి. దీక్షితుల వంశంలోని సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథాన్ని స్వరాలతో సహా అచ్చువేయించారు. అచ్చయింది తమిళదేశంలో, ఎట్టయాపురంలో. లిపి తెలుగు. ఇప్పటికీ పరిశోధకులు దాని కోసం తెలుగు అక్షరాలు నేర్చుకుంటారు.

పంచరత్నాలు అందరూ కలిసి పాడడం త్యాగరాజు కాలం నుంచీ ఉందా?

లేదు. పంచరత్నాలంటే త్యాగరాజు కట్టిన ఐదు పెద్ద కృతులు, వాటిని ఇలా కలిసి పాడడం 1940 ప్రాంతంలో స్థిరపడిన పద్ధతి. దీని వెనక ఒక ఆడమనిషి కథ ఉంది, అది తెలియకుండా పంచరత్నాలు పాడకూడదని నా అభిప్రాయం.

బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) దేవదాసీ కుటుంబంలో పుట్టిన విదుషీమణి. తెలుగు, సంస్కృతం బాగా చదువుకుంది. 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం అనే కావ్యాన్ని వెతికి పట్టుకుని 1910లో అచ్చువేయిస్తే, అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు హయాంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. అలాంటి మనిషికి తిరువయ్యారులో త్యాగరాజ సమాధి పాడుబడి ఉందని తెలిసింది. వెళ్లి చూసి, తన డబ్బు, తన నగలు పెట్టి 1920లలో అక్కడ గుడి కట్టించింది. ఏటా ఆరాధన జరిపే వర్గాలు అప్పటికే రెండు మూడు ఉన్నాయి, ఒకళ్లంటే ఒకళ్లకి పడదు, కానీ ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట: ఆడవాళ్లు పాడడానికి వీల్లేదు. తను కట్టించిన గుళ్లో తనకే పాట లేదు. ఆవిడ ఊరుకోలేదు. ఆడవాళ్లని కూడగట్టి సమాధి వెనక భాగంలో వేరుగా ఆరాధన మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి సాగి, చివరికి 1940-41 నాటికి వర్గాలన్నీ ఒకటై, ఆడా మగా అందరూ కలిసి ఐదు కృతులు పాడే పద్ధతి వచ్చింది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలు, ఇదే వరస, ఐదూ ఆదితాళమే. పుష్య బహుళ పంచమి పొద్దున తొమ్మిదింటికి మొదలైతే సుమారు గంట.

ఇప్పటికీ తిరువయ్యారులో నాగరత్నమ్మ సమాధి త్యాగరాజ సమాధికి ఎదురుగానే ఉంది. వెళ్లినవాళ్లు అటు దణ్ణం పెట్టి వెనక్కి తిరగడం మర్చిపోకండి.

మా ఆరాధనలో నేర్చుకున్నవాళ్లు ముందు వరసలో కూర్చుంటారు, రానివాళ్లు వెనక పుస్తకం పట్టుకుని కలుపుతారు. మీరూ రండి. వరాళి దగ్గర కొందరి గొంతు తగ్గుతుంది, ఎందుకంటే వరాళిని గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పకూడదని ఒక నమ్మకం ఉంది, చాలామంది విని విని పట్టుకున్నవాళ్లే.

పదాలు, జావళీలు కచేరీ చివర్లోనే ఎందుకు?

ఎందుకంటే శృంగారం పలికే ఆ పాటల అసలు చోటు నాట్యం. పదం నిదానం, జావళీ చురుకు. క్షేత్రయ్య 17వ శతాబ్దంలో మువ్వగోపాలుడి మీద రాసిన పదాలు అభినయం కోసం, చాలా నిదానంగా సాగుతాయి, ఒక్క మాటని పది రకాలుగా చూపించే వ్యవధి ఇస్తాయి. వీటిని మూడు శతాబ్దాలు గొంతులో దాచి తరవాతి తరానికి ఇచ్చినవాళ్లు దేవదాసీ కుటుంబాల స్త్రీలు. మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంట శుక్రవారం సాయంత్రం వీణ వినడానికి విద్వాంసులంతా వచ్చేవారట. ఆవిడ మనవరాళ్లలో బృంద, ముక్త పదాలు పాడారు, బాలసరస్వతి ఆడారు. 20వ శతాబ్దం మొదట్లో దేవదాసీ వ్యవస్థ మీద ఉద్యమం నడిచి, 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఆ చట్టం అవసరమే, కానీ ఆ స్త్రీల దగ్గర ఉన్న పాటని తీసుకుని వాళ్లని పక్కకి నెట్టేసిన మాట కూడా నిజం. పదం వింటున్నప్పుడు నాకు ఇది గుర్తొస్తూనే ఉంటుంది.

కచేరీలో ఏది ముందు, ఏది తర్వాత?

వర్ణం ముందు, గొంతు సర్దుకోవడానికి. తర్వాత వినాయకుడి మీద ఒకటి, చురుకైన చిన్న కృతులు రెండు మూడు. ఆపైన ఒకటో రెండో రాగాలు కాస్త విస్తరించి, అప్పుడు ప్రధాన కృతి: ఆలాపన (మాటల్లేకుండా రాగాన్ని పరచడం), కృతి, నెరవు (ఒక్క పంక్తినే రకరకాలుగా పాడడం), స్వరకల్పన (సరిగమలతో అప్పటికప్పుడు అల్లడం), చివర్లో మృదంగం ఒక్కటే మాట్లాడే తని ఆవర్తనం. చాలామంది తనికి కాఫీకి లేచిపోతారు. దయచేసి కూర్చోండి, ఆయన రెండు గంటలు ఇంకొకళ్ల పాటకి వాయించారు, ఇది ఆయన వంతు. తర్వాత ఒక్క పల్లవిని పట్టుకుని విస్తారంగా అల్లే రాగం తానం పల్లవి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఆఖర్న పదం, జావళీ, అన్నమయ్య పాట, తిల్లానా (జతుల మీద సాగే చురుకైన పాట), మంగళం.

మైకులు లేనప్పుడు అంతమందికి ఎలా వినపడేది?

గట్టిగా పాడేవారు, పై శ్రుతిలో పాడేవారు. మగవాళ్లు కూడా నాలుగు, అయిదు శ్రుతుల్లో (అంకె పెరిగేకొద్దీ స్థాయి పైకి వెళ్తుంది) పాడేవారంటే ఇవాళ నమ్మశక్యం కాదు, ఇప్పుడు చాలామంది మగవాళ్లది ఒకటి, ఒకటిన్నరే. 1930ల్లో మైకు వచ్చాక మెత్తటి గొంతులకి, స్వరాన్ని ఊపి పలికే సన్నటి గమకాలకి కూడా చోటు దొరికింది. నా దృష్టిలో రాజాశ్రయం పోవడం కంటే పాటని ఎక్కువగా మార్చింది మైకే.

అంతకంటే ముందే గ్రామఫోన్ వచ్చింది, ఒక పక్క మూడు నిమిషాలు, అందులోనే పల్లవి, అనుపల్లవి, చరణం ఇమడాలి. తర్వాత రేడియో. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. పొద్దున్నే పళ్లు తోముకుంటూ భక్తిరంజని విన్న తరం ఇంకా మన మధ్యే ఉంది. సభకి ఎప్పుడూ వెళ్లని అమ్మలకి, అమ్మమ్మలకి రామదాసునీ నారాయణ తీర్థులనీ నేర్పింది ఆ రేడియోనే.

వయొలిన్ మనది కాదు కదా, ఎలా వచ్చింది?

యూరపు నుంచి, ఇంగ్లీషువాళ్లతో. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో నేర్చుకుని మన సంగీతానికి తిప్పారు. నిలబడి గడ్డం కింద పెట్టుకునేదాన్ని నేల మీద కూర్చుని వాయించేలా మార్చి, వయొలిన్ తలని కుడి చీలమండ మీద ఆనించారు, దాంతో ఎడమ చెయ్యి స్వేచ్ఛగా జారుతుంది, గమకం పలుకుతుంది. మన వాళ్లు దాన్ని ఫిడేలు అన్నారు. విజయనగరంలో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాలకి హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు. అక్కడే ఫిడేలు చెప్పిన ద్వారం వెంకటస్వామినాయుడు (1893-1964) 1936లో ప్రిన్సిపాలయ్యారు, పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుని ఒంటరిగా కచేరీ చేసే వాద్యంగా నిలబెట్టారు.

మృదంగం ఆయన కచేరీకి ముందు ఏదో పిండిముద్ద అంటిస్తారు, అదేమిటి?

బొంబాయి రవ్వ. నీళ్లు పోసి మెత్తగా తడిపి, చిన్న పూరీ అంత ముద్ద చేసి, ఎడమవైపు తోలు మధ్యలో పెట్టి బొటనవేలితో అద్దుతారు. దాని బరువుకే ఆ లోతైన శబ్దం వస్తుంది. ఒకసారి వాయించి చూస్తారు, ఎక్కువైందనిపిస్తే చిటికెడు గిల్లి తీసేస్తారు. కుడివైపు నల్లమచ్చ శాశ్వతంగా ఉంటుంది. ఆ పక్క శ్రుతి చేయడానికి చిన్న రాయి, చెక్కముక్క ఉంటాయి, అంచు మీద టక్కుటక్కుమని కొడుతూ తంబురాతో కలుపుతారు. ఆ పది నిమిషాలూ చూడడానికి నేను ముందే వెళ్లి కూర్చుంటాను.

తాళం వేయడం రాదు, ఎలా?

ఆదితాళం ఒక్కటి వస్తే చాలు, సగం కచేరీ దాంట్లోనే. తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, నాలుగయ్యాయి. మళ్లీ దెబ్బ, చెయ్యి తిరగేయడం, దెబ్బ, తిరగేయడం. మొత్తం ఎనిమిది. తప్పితే ఏం కాదు, మళ్లీ కలుపుకోండి, పక్కవాళ్ల చెయ్యి చూడండి.

రాగాలు గుర్తుపట్టలేను. నాకేం అర్థమవుతుంది?

మాట అర్థమవుతుంది కదా! దేశంలో ఎందరో రసికులు అర్థం కాకపోయినా ఈ పాటల్ని ప్రేమించారు, మనకి పుట్టుకతోనే అర్థమవుతాయి. త్యాగరాజు రాముడితో అలుగుతాడు, దెప్పుతాడు, బతిమాలతాడు, అన్నీ మనింట్లో మాట్లాడుకునే తెలుగులోనే. ముందు సాహిత్యం చదువుకుని వెళ్లండి, రాగం నెమ్మదిగా దానంతటదే వస్తుంది.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి. పాడేవాళ్లు మాట ఎక్కడ విరవాలో చూసుకోవాలి. "సీతమ్మ మాయమ్మ" దగ్గర ఆగకుండా "మాయమ్మ శ్రీరాముడు" అని కలిపేసి అక్కడ ఊపిరి తీసుకుంటే రాముడు అమ్మయిపోతాడు. తెలుగు రానివాళ్లు పొరపడితే అర్థం చేసుకుంటాను, పాపం వాళ్లు మన పాటని మోస్తున్నారు. తెలుగు పిల్లలు కూడా అలాగే పాడితే మాత్రం నేర్పేవాళ్లు దిద్దాలి.

సినిమా పాటల కాన్సర్ట్‌కీ దీనికీ సంబంధం ఉందా?

గొంతుల్లో ఉంది. ఘంటసాల, సుశీల ఇద్దరూ ఆ విజయనగరం కాలేజీలో చదువుకున్నవాళ్లే. పద్ధతిలో తేడా ఏమిటంటే, సినిమా కాన్సర్ట్‌లో జనం తెలిసిన పాటని తెలిసినట్టే వినాలనుకుంటారు, కచేరీలో తెలిసిన పాట ఈరోజు ఎలా వస్తుందో అని వస్తారు. రెండూ వినండి.

హాల్లో ఎక్కడ కూర్చుంటే బాగా వినపడుతుంది?

స్పీకర్ల ముందు మాత్రం వద్దు. ఒక ఊళ్లో పెద్ద హాల్లో ఎంతో ఆశగా మొదటి వరసలో కూర్చున్నాను, మైకులు చూసుకునే అబ్బాయి మృదంగం శబ్దాన్ని అంతకంతకూ పెంచేశాడు, గాయని తోడి ఆలాపన ఎత్తుకుంటే పెదవులు కదలడమే కనిపించింది. రెండుసార్లు వెళ్లి చెప్పాను, వినలేదు. ఇంటికొచ్చాక కూడా చెవులు గింగురుమన్నాయి. అప్పట్నుంచీ మధ్యలో, ఏడెనిమిది వరసల వెనక కూర్చుంటాను. మా షామియానాలో అయితే మొదటి పాటకే నేను చివరిదాకా నడిచి వెళ్లి, మాట స్పష్టంగా వస్తోందా లేదా అని చూస్తాను.

పిల్లల్ని తీసుకురావచ్చా?

తప్పకుండా. చివరి వరసలో, ద్వారం పక్కన కూర్చోండి, విసుగొస్తే కాసేపు బయట తిప్పి తీసుకురండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, వీడియో ఒక్క నిమిషం చాలు.

మేం అమెరికాలో ఉన్నాం, ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి?

క్లీవ్‌ల్యాండ్‌లో 1978 నుంచి ఏటా త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, ఇక్కడి విద్వాంసులు కూడా అక్కడికి వెళ్లి పాడతారు. మీ ఊళ్లో లేకపోతే నలుగురు కలిసి ఎవరింట్లోనైనా మొదలుపెట్టండి, ఒక తంబురా యాప్, ఒక పుస్తకం చాలు. త్యాగరాజు పాడింది కూడా ఇంట్లోనే.

మంగళం మొదలవగానే లేచి వెళ్లిపోవచ్చా?

వద్దండీ, రెండు మూడు నిమిషాలే. కచేరీ ఎంత మారినా ఈ ఒక్కటీ పూజలోంచి అలాగే వచ్చేసింది. సాధారణంగా సౌరాష్ట్ర రాగంలో త్యాగరాజు మంగళం, "నీ నామ రూపములకు నిత్య జయమంగళం". ఇది ఆయన ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోది, స్వామికి హారతిచ్చే వేళ పాడేది. వర్ణానికి రాకపోయినా ఫర్వాలేదు, దీనికి మాత్రం ఉండండి, వస్తే గొంతు కలపండి. తర్వాత మృదంగం ఆయన ఎడమవైపు రవ్వముద్ద గీకి, తడిగుడ్డతో తుడుస్తూ ఉంటారు, అప్పుడు దగ్గరికెళ్లి "బాగా వాయించారండీ" అని ఒక మాట చెప్పి రండి. తనికి లేచిపోయినవాళ్లు కూడా వెళ్లొచ్చు, ఏమనుకోరు.